చెవిటికల్లు నుంచి బండెక్కి వచ్చిన ఇల్లు

ఇల్లు కొన్నామని ఆరోగ్యమ్మ చెప్పినప్పుడు హాస్టల్లో వాళ్ళంతా ముందుగా అడిగిన మాట ఎక్కడా అని. చెవిటికల్లులో అనేది ఆమె. అయితే నందిగామ వదిలి కృష్ణ ఒడ్డుకి వెళ్ళిపోతున్నారా అంటే తల అడ్డంగా ఊపేది.

"మేమెందుకు పోతాం? అదే ఇక్కడికి వస్తది."

అంతకు మించి వివరం చెప్పేది కాదు. ఆమె అవతలికి వెళ్ళాక విన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఆమె చెప్పింది నిజమే. అది డెబ్బయ్యి తొమ్మిది ఎండాకాలం. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు బస్తాలు ఊరూరికీ వస్తున్న రోజులు. కాస్త కలిగిన రైతులు తాతల నాటి పెంకుటిళ్ళు తీసేసి అదే చోట డాబాలు వేసుకుంటున్నారు. తీసేసిన ఇంటి దూలాలు, వాసాలు, పెంకులు ఊరికే పోయేవి కావు. స్థలం ఉండి ఇల్లు లేనివాళ్ళు వాటిని కొని, బళ్ళ మీద తెచ్చుకుని, తమ జాగాలో మట్టిగోడలు లేపి, అదే ఇంటిని మళ్ళీ నిలబెట్టుకునేవారు. ఆరోగ్యమ్మకి మధిర రోడ్డు పక్కన కాలనీలో సర్కారు ఇచ్చిన మూడు సెంట్లు ఉన్నాయి. అందులో మూడేళ్ళుగా తాటాకు గుడిసె ఉంది.

ఆమెది వీరులపాడు దగ్గర పల్లె. పుట్టింది గుడిసెలో, కాపురానికి వచ్చింది గుడిసెలోకి. అమ్మాయిల హాస్టల్లో ఆయాగా చేరి పదకొండేళ్ళయింది. అక్కడ పొద్దున్నే అన్ని గదుల తలుపులూ తీయించడం, సాయంత్రం అన్నీ వేశారో లేదో చూడడం ఆమె పనే. రోజుకి ఎన్ని తలుపులు తీసి వేసేదో ఆమెకే తెలియదు. ఇంటికి వస్తే మాత్రం తడిక. పక్కకి లాగితే తెరుచుకున్నట్టు, తెచ్చి ఆనిస్తే మూసినట్టు. గాలి వీస్తే అది పడిపోయేది. కుక్క మూతి పెట్టి నెడితే తప్పుకునేది. బయట నిలబడ్డ మనిషికి లోపలి మనిషి, లోపలి మనిషికి బయటి మనిషి చారలు చారలుగా కనిపిస్తూనే ఉండేవాళ్ళు.

కూతురు దేవమణి పెద్దదయినప్పటి నుంచి, ఆ పిల్ల స్నానం చేస్తున్నంతసేపూ ఆరోగ్యమ్మ తడికకి వీపు ఆనించి బయట నిలబడేది. హాస్టలుకి ఆలస్యమైనా సరే నిలబడేది. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే మాట్లాడేది కానీ కదిలేది కాదు. లోపల దేవమణికి తడిక సందుల్లోంచి తల్లి చీర రంగు కనిపించేది. తొందరగా కానిమ్మని తల్లి ఏనాడూ అనలేదు. అనదు కాబట్టే దేవమణి తొందరపడేది.

దేవమణికి పద్దెనిమిదేళ్ళు. ఎనిమిదో తరగతి పరీక్షల ముందు తల్లికి టైఫాయిడ్ వస్తే, ఉద్యోగం పోకుండా రెండు నెలలు ఆమె బదులు హాస్టలుకి వెళ్ళి పనిచేసింది. పరీక్షలు అలా పోయాయి. తర్వాత బడికి మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు, వెళ్తానని తనూ అనలేదు. ఇంట్లో వంట చేస్తూ, కల్లాల కాలంలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. నలుగురిలో నోరు విప్పేది కాదు. కానీ ఎక్కడ ఏముందో ఒకసారి చూస్తే మర్చిపోయేది కాదు.

తండ్రి జీవరత్నానిది జగ్గయ్యపేటలో పత్తి మిల్లులో బేళ్ళు మోసే పని. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్ళేవాడు. చెవిటికల్లులో ఇల్లు విప్పుతున్నారన్న కబురు మిల్లులోనే విని మోసుకొచ్చాడు. కలప అంతా టేకు అనీ, పెంకు చెక్కు చెదరలేదనీ చెప్పాడు. ఆరోగ్యమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"తలుపేసుకుంటే బయటికి కనపడమా?"

"పెంకుటిల్లే. ఎట్టా కనపడతాం?" అన్నాడు జీవరత్నం.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ కంచికచర్ల దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి నడిచారు. అలాంటి ఇళ్ళు ఆరోగ్యమ్మకి కొత్త కాదు. చిన్నప్పుడు కోతలకి వెళ్ళిన రోజుల్లో అలాంటి ఎన్నో ఇళ్ళ పెరళ్ళలో నిలబడి కూలి కొలిపించుకుంది. వీధి వైపు నుంచి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. కొనేవాళ్ళు కాబట్టి, ఎలాగూ పడగొట్టేది కాబట్టి, ఇంటి యజమాని దశరథరామయ్య "లోపలికెళ్ళి చూసుకోండి, పర్లేదు" అన్నాడు. అయినా మెట్ల దగ్గర జీవరత్నం చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. ఆరోగ్యమ్మ అది చూసి, చెప్పులు కింద పెట్టమని కళ్ళతోనే చెప్పింది.

లోపల దేవమణికి చూడడానికి రెండు కళ్ళూ చాలలేదు. సామాను తీసేసిన ఇంట్లో మనుషుల గుర్తులు ఎన్ని మిగులుతాయో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. వంటింటి వాసాలు పొగకి నల్లగా నిగనిగలాడుతున్నాయి. నడిమింట్లో దూలానికి ఇనప కొక్కేలు రెండు, ఉయ్యాల కట్టినవి. అవి అరిగి సన్నబడేంతగా ఎందరు పిల్లలు ఊగారో అనుకుంది. గోడ మీద మంచం కోళ్ళు రాసుకున్న గీతలు. ఒక మూల పసుపు చేతి ముద్రలు అయిదు, అన్నీ చిన్న చేతివే. గదుల మధ్య గుమ్మాలకి తలుపులు లేవు. పోయినేడే కొత్త డాబా కోసం ఊడదీసి దాచారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది ముగ్గురికీ వింతగా తోచలేదు. గుడిసెలో బతికినవాళ్ళకి లోపలి తలుపులుంటాయని ఎలా తెలుస్తుంది?

దశరథరామయ్య తల్లి సీతారావమ్మ వాళ్ళ వెనకే గది గదికీ తిరిగింది. పొట్టి మనిషి, డెబ్బయ్యి దగ్గర పడుతున్నా చురుకైన నడక. ఏ గదిలో ఏం జరిగిందో చెబుతూ ఉంది. ఇక్కడ కొడుకు పుట్టాడు, ఇక్కడ మావగారు పోయారు. పడమటి గదిలోకి వచ్చేసరికి ఏమీ చెప్పలేదు. దేవమణి ఆ గది గోడ చూసింది. సున్నం కింద ఒక పగులు. పగుళ్ళు వంకర టింకరగా పోతాయి కదా, ఇది గీత గీసినట్టు నిలువుగా పైదాకా వెళ్ళి, అక్కడ అడ్డంగా తిరిగి, మళ్ళీ నిలువుగా దిగింది. పిల్ల అక్కడే నిలబడిపోతే సీతారావమ్మ, "అటు పక్క ఇప్పుడేం లేదు, గొడ్ల చావిడే" అంది, అడగకుండానే.

వసారాలో బేరం కుదిరింది. ఇల్లు మొత్తం, దూలం వాసం పెంకు, గోడలో ఉన్న కర్రతో సహా అని దశరథరామయ్య అన్నాడు. ఇల్లు మొత్తం అని జీవరత్నం అన్నాడు. అంతా మాట మీదే. ఇద్దరూ ఒకే సంగతి అనుకుంటున్నారనే అందరూ అనుకున్నారు.

విప్పడానికి నందిగామ నుంచి వడ్రంగి సాంబయ్యని తీసుకెళ్ళారు. ఆయన పెద్దాయన, చెవి వెనక పెన్సిల్, నోట్లో చుట్ట. కర్ర ముక్క దించిన ప్రతిసారీ దానికి ఒక గుర్తు పెట్టి, "అమ్మాయ్, గుర్తుంచుకో" అని దేవమణి వైపు విసిరేవాడు మాట. మొదట తమాషాకి అన్నాడు. రెండో రోజుకి, ఈ వాసం ఎక్కడిది అని నిజంగానే అడగడం మొదలుపెట్టాడు. ఉత్తరం వైపు నాలుగోది అని పిల్ల మెల్లగా చెప్పేది. హాస్టలుకి సెలవు పెట్టి ఆరోగ్యమ్మ కూడా అక్కడే ఉంది. చావిడి పక్క చింత కింద తల్లీ కూతుళ్ళు అన్నం వండుకునేవారు.

మూడో రోజు పొద్దున సింహద్వారం దించారు. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నలుగురు మోసుకెళ్ళి చావిట్లో కొత్త చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఆరోగ్యమ్మ దూరంగా నిలబడి చూసింది. అమ్ముకున్నా ఎంత మర్యాదగా పంపుతున్నారో అని కూతురితో అంది. మధ్యాహ్నం బళ్ళు వచ్చాక, ముందు ఆ గుమ్మం ఎక్కించమని సాంబయ్యకి చెప్పింది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి ఆమె వైపు చూశాడు.

దశరథరామయ్యకి కోపం రాలేదు. ఆశ్చర్యపోయాడు. సింహద్వారం ఎవరైనా అమ్ముకుంటారా అన్నాడు. తాతగారు ఎత్తిన గుమ్మం, కొత్త డాబాకి అదే పెడతారు. ఇల్లు విప్పి అమ్మితే గుమ్మం లెక్కలోకి రాదు, ఈ చుట్టుపక్కల ఎక్కడైనా అంతే.

"ఇది అడగాల్సిన పని కూడా కాదు ఆరోగ్యమ్మా. అందరికీ తెలిసిందే."

"అందరికీ అంటే, గుమ్మాలున్నోళ్ళకండీ" అంది ఆరోగ్యమ్మ.

సాంబయ్య, తప్పు తనదే, బేరం నాడు తనుంటే చెప్పేవాణ్ణి అన్నాడు. మరి పెరటి గుమ్మమో అంటే, అది కింద నుంచి మోకాలి ఎత్తు దాకా చెదలు తినేసింది, చేత్తో పట్టుకుంటే పిండి రాలింది. కొత్తది చేయించాలంటే వాళ్ళ వల్ల అయ్యేది కాదు. పచ్చి తుమ్మకర్రతో చేస్తే ఎండకి వంకరపోయి తలుపు పడదు. ఆ రోజు శనివారం కాకపోయినా మిల్లులో చెప్పి వచ్చిన జీవరత్నం, ఈ ఏడాదికి తడిక కట్టుకుందాం, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. మెత్తగానే అన్నాడు.

ఆరోగ్యమ్మ పెంకుల దొంతర మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆ కొంగునే చూస్తూ ఉండిపోయింది. తల్లి పని మధ్యలో అలా కూర్చోవడం దేవమణి ఎప్పుడూ చూడలేదు, జ్వరంలో కూడా. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది, పడమటి గది గోడలో పగులు గుమ్మం ఆకారంలో ఉందని.

"నువ్వే చెప్పు ఆచారి గారికి" అంది తల్లి.

దేవమణి ఆయన దగ్గరికి వెళ్ళింది. సాంబయ్య చెయ్యి పట్టుకోలేదు కానీ ఇంచుమించు అలాగే, ఆయన ముందు నడిచి వెళ్ళి గోడ ముందు నిలబడింది. ఆయన పగులు చూశాడు, పిల్లని చూశాడు, సుత్తితో పక్క గోడ మీద ఒకసారి, పగులు మధ్యలో ఒకసారి కొట్టాడు. రెండు చప్పుళ్ళూ వేరు.

పైకప్పు లేని గదిలో ఎండ నేరుగా పడుతోంది. అందరూ వచ్చారు. చావిట్లోంచి సీతారావమ్మ గబగబా వచ్చి, దాన్ని కదిలించొద్దంది. కొడుకుకి కూడా ఏమీ తెలియదు, అప్పటికి అతనికి నాలుగేళ్ళు. గోడకి అడ్డంగా నిలబడి ఆమె చెప్పుకొచ్చింది. ఒకప్పుడు ఆ ఇల్లు రెండింతలు. పడమటి సగంలో మరిదీ తోడికోడలు భారతీదేవీ. అన్నదమ్ములు పంచుకున్నాక కూడా మధ్యలో ఈ గుమ్మం తెరిచే ఉండేది. ఒక రోజు మగవాళ్ళు మాటా మాటా అనుకున్నారు. మర్నాడు ఆవకాయ పెట్టుకోవాలి, ఏటా ఇద్దరూ కలిసే పెట్టేవారు. ఆవపిండి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వచ్చింది సీతారావమ్మ. తలుపు వేసి ఉంది.

"మోచేత్తో తట్టా. పిలిచా. అవతల అలికిడి వినపడుతూనే ఉంది. తియ్యలా. గడియేసుకుని కూర్చుంది మహాతల్లి." ముప్పై ఏళ్ళయినా ఆమె కోపం తగ్గలేదు. "నేనూ మనిషినే. సాయంత్రానికి ఇటు ఇటికలు పెట్టించా."

తర్వాత రెండేళ్ళకి మరిది తన సగం అన్నకే ఇచ్చేసి జగ్గయ్యపేట వెళ్ళిపోయాడు. ఆ సగం పడగొట్టి చావిడి వేశారు. అటువైపు తలుపు మీద ఏటా మట్టీ పేడా మెత్తడంతో అదీ గోడే అయిపోయింది. తోడికోడళ్ళు ఆనాటి నుంచి మాట్లాడుకోలేదు.

"అది పోట్లాట గుమ్మమే ఆరోగ్యం. మీకెందుకు?" అంది చివరికి.

"గుమ్మం ఏం పోట్లాడిద్దమ్మగారూ, మనుషులు పోట్లాడతారు గానీ" అంది ఆరోగ్యమ్మ.

దశరథరామయ్య నవ్వేశాడు. గోడలో ఉన్న కర్రతో సహా అని తనే అన్నానని, అది వాళ్ళదేనని సాంబయ్యకి సైగ చేశాడు. ఇటికలు ఒక్కొక్కటీ ఊడి వస్తుంటే వెనక నీలం రంగు బయటపడింది. ముప్పై ఏళ్ళు ఎండా వానా తగలని రంగు, నిన్న వేసినట్టుంది. రెండు రెక్కల తలుపు, మందమైన టేకు ద్వారబంధం, గడప. సాంబయ్య అరచేత్తో నిమిరి ఊఁ అన్నాడు. తర్వాత పైకి చూశాడు. తలుపు పైన, చెయ్యెత్తితే గానీ అందని చోట, గడియ వేసి ఉంది. ఇటువైపు.

ఆయన సుత్తితో తట్టి గడియ దించి రెక్కలు లాగాడు. ముందు కిర్రుమంది. తర్వాత అవతల పెళ్ళలు పెళ్ళలుగా మట్టి రాలి, తలుపు తెరుచుకుంది. చావిట్లో ఆవు ఒకటి తల తిప్పి చూసింది.

దేవమణి తలుపు అవతలి మొహం చూసింది. అక్కడా ఒక గడియ ఉంది. అది దించి ఉంది. దించి ఉన్నట్టే మట్టిలో పూడిపోయి, మట్టి రాలినా దాని అచ్చు పెళ్ళలో మిగిలింది. మట్టి మెత్తిన నాటికి అది వేసి లేదు. ఆ పిల్ల చప్పున తల దించుకుంది. సాంబయ్య చుట్ట వెలిగించుకునే వంకన పక్కకి తిరిగాడు. దశరథరామయ్య ఏ ఆలోచనా లేకుండా, "ఇదేందమ్మా, పిన్ని వైపు గడియ వేసే లేదే" అనేశాడు.

సీతారావమ్మ ముందుకి వచ్చింది. ఆ గడియ మీద వేలు పెట్టి చూసింది. ఇటు తిరిగి పైకి చూసింది. మునివేళ్ళ మీద లేచినా ఆమె చెయ్యి పై గడియకి అందలేదు.

"ఆయన వేసుంటాడు" అంది. చెయ్యి దించి, "ఆయనకి అందేది" అంది.

ఆ తలుపు ముందు ఆవపిండి పళ్ళెంతో నిలబడ్డ మనిషి ఒక్కసారి తల పైకెత్తి ఉంటే ఏమయ్యేదో అని దేవమణి ఆలోచిస్తోంది. అవతల అలికిడి చేసిన మనిషి కూడా ఈ తలుపు ఎందుకు తెరుచుకోలేదా అని ఎదురుచూసిందా? ఆ సంగతి ఎవరిని అడగాలి?

సీతారావమ్మ తలుపు రెక్క పట్టుకుని, ఇది మాత్రం ఇవ్వనంది. కొడుకు బతిమాలాడు, మాట ఇచ్చానన్నాడు, చివరికి విసుక్కుని ఎక్కించెయ్యమని సాంబయ్యతో అన్నాడు. అడ్డం వచ్చింది ఆరోగ్యమ్మే. ఆమెకి ఆ తలుపు ఎంత కావాలో అక్కడ దేవమణికి తప్ప ఎవరికీ తెలియదు.

"వద్దండీ. పెద్దావిడ ఏడస్తా ఇచ్చిన గడప నేను దాటలేను. ఇయ్యాలనిపిస్తే పంపండి."

బళ్ళు తలుపు లేకుండానే కదిలాయి. కంచికచర్ల దాటాక జీవరత్నం, న్యాయంగా అది మనదే కదా అన్నాడు. న్యాయంగా మనదే అంది ఆమె.

పదిహేను రోజుల్లో కాలనీలో ఇల్లు లేచింది. చెవిటికల్లులో ఉన్నంత పెద్దది కాదు, ఒక గదీ వంటిల్లూ వసారా. మిగిలిన వాసాలు సాంబయ్య కూలి కింద పట్టుకెళ్ళాడు. ఏ వాసం పక్కన ఏది ఉండేదో దేవమణి చెబుతుంటే ఆయన పైన కూర్చుని దిగ్గొట్టాడు. ఉయ్యాల కొక్కేలు దూలంతో పాటు ఆ ఒక్క గదిలోకే వచ్చాయి. అన్నీ కుదిరాయి. ముందు వైపు మాత్రం గుమ్మం కోసం వదిలిన ఖాళీ. దానికి పాత గుడిసె తడికే తెచ్చి ఆనించారు. చూడవచ్చిన వాళ్ళందరూ పైకప్పు చూసి మెచ్చుకుని, తడిక చూసి ఊరుకునేవారు. దేవమణి స్నానం చేస్తుంటే ఆరోగ్యమ్మ ఎప్పటిలాగే తడికకి వీపు ఆనించి నిలబడేది. ఇప్పుడు నెత్తిన నీడ ఉంది, అంతే తేడా. ఒకరోజు ఆమె వసారాలో నిలబడి, ఆ ఖాళీ ఎంత వెడల్పుందో రెండు చేతులూ చాచి చూసుకోవడం దేవమణి కంటపడింది. పిల్లని చూసి, చేతులు దించి చీపురు అందుకుంది.

మూడో వారం, తొలకరి పడకముందు, ఒక మధ్యాహ్నం బండి వచ్చి ఆగింది. బండిలో గడ్డి పరిచి, దాని మీద నీలం తలుపు. బండి వెనకే రిక్షాలో సీతారావమ్మ. ఆ రోజు ఆదివారం కాబట్టి జీవరత్నం కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె కాలనీలోకి వస్తుందని ఎవరూ అనుకోలేదు. నులకమంచం వాల్చి దుప్పటి పరిచారు. దేవమణి నీళ్ళ గ్లాసు తీసుకుని సగం దూరం వచ్చి, ఇవ్వచ్చో లేదో తోచక ఆగిపోయింది. తల్లి చూసి, పరిగెత్తి గోళీసోడా పట్టుకురమ్మంది. సీతారావమ్మ రెండింటినీ చూసింది. సోడా తాగింది. అంతకు ముందు, దేవమణి చేతిలోని నీళ్ళతో మొహం కడుక్కుంది.

జగ్గయ్యపేట వెళ్ళొచ్చానని ఆమే చెప్పింది. ముప్పై ఏళ్ళ తర్వాత తోడికోడలి ఇంటి మెట్లెక్కింది. భారతీదేవి గుర్తుపట్టింది, కాళ్ళకి నీళ్ళిచ్చింది, భోజనం పెట్టింది. అప్పుడు అడిగింది, ఆ రోజు తలుపు అవతల నువ్వేం చేస్తున్నావని.

సీతారావమ్మ ఆగింది. ఏమన్నారని అడగడానికి ఆరోగ్యమ్మ మొహమాటపడింది. దేవమణి నోటి నుంచి మాట తనకి తెలియకుండానే వచ్చింది.

"ఏమన్నారండీ?"

"ఏ తలుపు అక్కా అంది." సీతారావమ్మ చెయ్యి తిప్పింది. "మన మధ్య తలుపెక్కడుంది, మొదట్నుంచీ గోడే కదా అంది. నీలం రంగు చెప్పా, ఆవకాయ చెప్పా. నేను తలుపు తియ్యలేదని నీకు కోపమొచ్చిందా అంటది, నన్నే. పొద్దుగూకే దాకా చెప్పినా దానికి గుర్తు రాలా."

ఆమె కోపంగా ఉందో, నవ్వు వస్తోందో దేవమణికి అర్థం కాలేదు. బహుశా ఆమెకే తెలియదేమో. గాజు గోళీ అటూ ఇటూ దొర్లేలా ఖాళీ సీసా ఊపుతూ కూర్చుంది.

"దానికే గుర్తు లేనిది నా చావిట్లో పెట్టుకుని నేనేం చూస్తా ఉండను? మీరే పెట్టుకోండి."

"ఎండ దిగాక వెళ్దురు గానీ, ఉండండమ్మా" అంది ఆరోగ్యమ్మ. సీతారావమ్మ ఉండలేదు, ఆఖరి బస్సు తప్పుతుందని వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి సాంబయ్య గుమ్మం ఎత్తాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. రెండు వైపులా గడియలున్నాయి, బయటిది పీకెయ్యనా అని సాంబయ్య అడిగితే, ఉండనిమ్మంది ఆరోగ్యమ్మ, పనికి పోయేటప్పుడు అది వేసుకుంటారు కదా అని. పై గడియ మాత్రం చేతికి అందేటట్టు కిందికి దింపించింది. రెక్కలు ఒకటికి నాలుగుసార్లు తీసి వేసి, నూనె పోసి, సాంబయ్య సంచీ సర్దుకుని వెళ్ళాడు.

మిట్టమధ్యాహ్నం. వంట కూడా కాలేదు. ఆరోగ్యమ్మ మొగుణ్ణీ కూతుర్నీ లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది. గది ఒక్కసారిగా చల్లబడ్డట్టయింది. రోడ్డు మీద లారీల చప్పుడు ఎక్కడికో దూరం జరిగింది. చీకట్లో పెంకుల సందుల్లోంచి రెండు మూడు వెలుగు చుక్కలు నేల మీద పడుతున్నాయి. దేవమణి చుట్టూ చూసింది. ఎటు చూసినా చారల్లేవు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు జీవరత్నం గుసగుసగా.

"ఏం లేదు. కూర్చో."

ముగ్గురూ గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. దేవమణి కాళ్ళు చాపుకుంది. పట్టపగలు కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఆ పిల్లకి తెలియదు. ఒక కాలు ముడిచి, మళ్ళీ చాపింది. ఎవరూ చూడరు. తల్లి కళ్ళు మూసుకుని ఉంది, నిద్ర కాదు. తండ్రి నవ్వాపుకుంటున్నాడు.

అంతలో తలుపు మీద దబదబా చప్పుడు. పక్కింటి ప్రేమదాసు. పట్టపగలు తలుపు బిడాయించుకున్నారేంటి, ఎవరికైనా బాగోలేదా అని కంగారుగా పిలుస్తున్నాడు. అతని గొంతు కాలనీలో ఎవరికి తెలియదు? జీవరత్నం లేవబోయాడు. ఆరోగ్యమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. కళ్ళు తెరిచి, గొంతు సవరించుకుని, నలభై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అడగాల్సిన అవసరం రాని మాట, తీరిగ్గా అడిగింది.

"ఎవరూ?"